వేగానికి ఒక బరి

లోకంలో ఏ పందెంలోనైనా ముందుగా గమ్యం చేరినవాడికి బహుమతి లభిస్తుంది. అలిపిరి నుండి తిరుమలకు సాగే కొండదారిలో మాత్రం ముందుగా చేరినవాడికి జరిమానా పడుతుంది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవ ఘాట్ రోడ్డు ఏర్పడిన తరువాత ఆ దారుల్లో వాహనాల రద్దీ ఏటేటా పెరిగింది. రద్దీతోపాటు ప్రమాదాలూ పెరిగాయి. అందుచేత కొండ ఎక్కడానికీ, దిగడానికీ కనీసం ఇంత సమయం పట్టాలని దేవస్థానం నిర్ణయించింది. వాహనం బయలుదేరిన వేళను నమోదు చేసి, గడువుకన్నా ముందే చేరినవారిని దండించే పద్ధతిని ప్రవేశపెట్టింది. ప్రాణరక్షణకు ఇది అవసరమైన కట్టడి. అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు.

అయితే ఆ కట్టడి ఒక ప్రశ్నను మిగులుస్తుంది. వేగంగా పోవద్దని చెప్పే దారులు చిత్తూరు సీమలో అనేకం ఉన్నాయి. మొగిలి ఘాట్ దగ్గర హెచ్చరికలున్నాయి. భాకరాపేట ఘాట్ దగ్గర హెచ్చరికలున్నాయి. వేగంగా పోవాలని తహతహలాడే యువకుడికి, "ఇదిగో, ఇక్కడ నీ నేర్పు చూపించు" అని చెప్పే చోటు ఒక్కటైనా ఉన్నదా? నిషేధాన్ని బోధించిన సమాజం ప్రత్యామ్నాయాన్ని చూపించిందా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడం పెద్దల బాధ్యత. ముఖ్యంగా, ఆ యువకుల చేతికి మోటారు సైకిళ్ళను అందిస్తున్న వ్యాపారుల బాధ్యత.

వేగం మీద మక్కువ ఈనాటి యువకులు కొత్తగా కనిపెట్టిన దోషం కాదు. బలాన్నీ నేర్పునూ పదిమంది ఎదుట పరీక్షించుకోవాలనే కోరిక రాయలసీమ పల్లెల్లో తరతరాలుగా ఉన్నదే. ఎద్దుల బండలాగుడు పోటీలు అందుకు చక్కని నిదర్శనం. ఆ పోటీలో ఎద్దులను ఇష్టం వచ్చినట్లు బరిలోకి దింపరు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ పశువు వయస్సును బట్టి విభాగాలు చేస్తారు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. నిర్ణీత సమయంలో ఏ జత ఎంత దూరం లాగిందో కొలతబద్దతో తేలుస్తారు. ప్రథమ బహుమతి ఫలానా దాతది, ద్వితీయ బహుమతి ఫలానా దాతది అని మైకులో ప్రకటిస్తారు. బరి ఉంది, నియమం ఉంది, న్యాయనిర్ణేత ఉన్నాడు, దాత ఉన్నాడు. ఈ నాలుగూ ఉన్నందువల్లనే ఆ పోటీ వీధి తగవుగా మారకుండా ఊరి పండుగగా నిలిచింది.

మోటారు సైకిలు ఎక్కిన యువకుడికి ఈ నాలుగింటిలో ఏదీ లేదు. అతడికి మిగిలిన బరి రాజమార్గమే. అర్ధరాత్రి దాటిన తరువాత ఖాళీగా కనిపించే బైపాసు రోడ్డే అతడి పందెపు బాట. పక్కనున్న మిత్రుడే ప్రత్యర్థి. చరవాణిలో చిత్రం తీసేవాడే న్యాయనిర్ణేత. ఆ బాట మీద ఎదురుగా పాలబండి రావచ్చు, కూరగాయల బుట్టతో వృద్ధురాలు అడ్డురావచ్చు, దీపాలు లేని ట్రాక్టరు నిలిచి ఉండవచ్చు. వారెవరూ ఆ పందెంలో చేరడానికి అంగీకరించినవారు కారు. వీధి పందెంలోని అసలు నేరం ఇదే. తన ప్రాణాన్ని మాత్రమే పణంగా పెట్టినట్లు ఆ యువకుడు భావిస్తాడు. నిజానికి అతడు పరుల ప్రాణాలను కూడా వారి అనుమతి లేకుండానే పణంగా పెడుతున్నాడు.

గణాంకాలు ఈ మాటను బలపరుస్తాయి. 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించింది. మృతులలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ప్రయాణించినవారే. ప్రమాదాలన్నీ పందాల వల్ల జరిగినవి కావు. కానీ ద్విచక్ర వాహనం మీద ఉన్నవాడికి చుట్టూ ఇనుప కవచం ఉండదనీ, పొరపాటుకు అతడి శరీరమే మూల్యం చెల్లిస్తుందనీ ఈ సంఖ్య హెచ్చరిస్తున్నది. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు దీని కారణం తెలియనిది కాదు. వేగం రెట్టింపైతే గతిజశక్తి నాలుగింతలవుతుంది. బ్రేకు వేసిన తరువాత వాహనం ఆగడానికి పట్టే దూరం కూడా దాదాపు నాలుగింతలవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటిపోతుంది. అపాయాన్ని కన్ను చూసి, మనస్సు గ్రహించి, చేయి బ్రేకును నొక్కేలోపలే ఆ 22 మీటర్లూ గడచిపోతాయి.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. ప్రభుత్వపు లిఖిత అనుమతి లేకుండా బహిరంగ స్థలాలలో వాహనాల పందాలు నిర్వహించడాన్నీ, వాటిలో పాల్గొనడాన్నీ మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షను నేరంగా పరిగణిస్తున్నది. 2019 నాటి సవరణ దీనికి శిక్షను పెంచింది. మొదటిసారి నేరానికి మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, లేదా రెండూ గాని విధించవచ్చు. మైనరు వాహనం నడిపి నేరం చేస్తే అతడి సంరక్షకుడు గాని, వాహన యజమాని గాని మూడేళ్ళ వరకు జైలుశిక్షకూ, 25,000 రూపాయల జరిమానాకూ పాత్రులవుతారు. ఆ మైనరుకు 25 ఏళ్ళు నిండేవరకు లైసెన్సు లభించదు. శిక్షలు ఇంత కఠినంగా ఉన్నా వీధి పందాలు పూర్తిగా ఆగిపోలేదు. భయం కోరికను కొంతకాలం దాచగలదే తప్ప దానికి దారి చూపలేదు.

ఈ సమస్యను ఇతర దేశాలు కూడా ఎదుర్కొన్నాయి. మోటారు వాహనాలు కొత్తగా వచ్చిన కాలంలో బ్రిటన్‌లో వేగానికి గంటకు 20 మైళ్ళ పరిమితి ఉండేది. పందాల కోసం రహదారులను మూసివేయడానికి అక్కడి చట్టం ఒప్పుకోలేదు. అందువల్ల క్రీడాభిమానులు స్వంత శాసనసభ గల ఐల్ ఆఫ్ మాన్ ద్వీపానికి వెళ్ళి, అక్కడి ప్రభుత్వం అనుమతితో 1907లో మోటారు సైకిళ్ళ పోటీ జరుపుకొన్నారు. అదే ఏడాది ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ అనే చోట పందాల కోసమే ప్రత్యేకమైన బాటను నిర్మించారు. 1909లో బ్రిటిష్ మోటారు సైకిల్ రేసింగ్ క్లబ్ ఏర్పడింది. పందెం రహదారిని వదలి బాటను చేరింది; వ్యక్తి ఇష్టాన్ని వదలి క్లబ్బు నియమానికి లోబడింది. కోరికను అణచివేయడం కాక దానికి తగిన స్థలం కేటాయించడమే అక్కడ ఫలించిన ఉపాయం.

దక్షిణ భారతదేశంలో ఆ పని చేసినవారు మద్రాసు నగరవాసులు. 1953లో అక్కడ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏర్పడింది. నెల్లూరు వైపు వచ్చే రహదారి మీద, మద్రాసుకు సమీపంలో షోలవరం అనే ఊరుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానాల కోసం వేసిన బాట ఒకటి అక్కడ నిరుపయోగంగా పడి ఉండేది. క్లబ్బు సభ్యులు దానినే పందెపు బరిగా మార్చుకొన్నారు. అనేక సంవత్సరాలపాటు షోలవరం పేరు చెప్పగానే మోటారు ప్రియుల ఒళ్ళు పులకరించేది. ఆ తరువాత శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై వద్ద క్లబ్బు స్వంతంగా ఒక బాటను నిర్మించుకొన్నది. 1990లో ప్రారంభమైన ఆ బాట పొడవు 3.717 కిలోమీటర్లు; అందులో 12 మలుపులున్నాయి. యుద్ధం విడిచిపెట్టిన ఒక ఖాళీ స్థలం నుండి ఒక క్రీడా సంప్రదాయం పుట్టడం గమనించదగిన విషయం.

అటువంటి బాట మీద జరిగే క్లబ్బు పోటీలను ఒకసారి చూసినవారికి వేగాన్ని గురించిన అభిప్రాయం మారుతుంది. పోటీదారుడికి భారత మోటారు క్రీడా క్లబ్బుల సమాఖ్య ఇచ్చే లైసెన్సు ఉండాలి. దానికి ముందు శిక్షణ పొందాలి. ముఖమంతా కప్పే శిరస్త్రాణం, తోలు దుస్తులు, చేతొడుగులు, మోకాలి కిందివరకు వచ్చే బూట్లు ధరించాలి. పోటీకి ముందు అధికారులు ప్రతి బండినీ పరీక్షిస్తారు. అద్దాలు, స్టాండు తీసివేశారా? ఇంజను ఆయిలు కారకుండా బోల్టును తీగతో బిగించారా? బ్రేకులు, టైర్లు, గొలుసు సరిగా ఉన్నాయా? వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఎంతటి ఆటగాడైనా బాట మీద అడుగుపెట్టలేడు.

పందెం మొదలైన తరువాత మాటలకు తావుండదు, జెండాలే భాష. పసుపు జెండా ఊపితే ముందు అపాయం ఉన్నదని అర్థం. అక్కడ ఎవరూ ఎవరినీ దాటకూడదు. ఎర్ర జెండా కనిపిస్తే పందెం ఆగిపోయినట్లే. నీలి జెండా చూపితే వెనుక నుండి వేగంగా వచ్చేవాడికి దారి ఇవ్వాలి. నల్ల జెండా చూపినవాడు బాట విడిచి లోపలికి రావాలి. గళ్ళ జెండా పందెం ముగింపుకు గుర్తు. అందరూ ఒకే దిశలో పోతారు. ఎదురుగా వచ్చే లారీ ఉండదు. ప్రతి మలుపు వద్ద కార్యకర్తలు, సిద్ధంగా వైద్యులు, అంబులెన్సు ఉంటారు. రోడ్డు మీద పోలీసును చూసి దారి మళ్ళించుకొనే యువకుడే ఇక్కడ ఒక చిన్న గుడ్డ పీలిక ఊగగానే బండి నెమ్మదిస్తాడు. ఆ జెండా తన ప్రాణం కోసమే ఊగుతున్నదని అతడికి తెలుసు.

అయితే ఈ క్రీడ ఒంటరివాడి శక్తికి మించినది. టైర్లు త్వరగా అరిగిపోతాయి. ఒక్కసారి పడితే విడిభాగాలు ఎన్నో మార్చవలసి వస్తుంది. ప్రవేశ రుసుము, ప్రయాణం, దుస్తులు అన్నీ ఖర్చుతో కూడినవే. మోటారు సైకిళ్ళ సంస్థలు తమ బండ్లతోనే నిర్వహించే పోటీలు కొంతవరకు ఈ భారాన్ని తగ్గిస్తున్నాయి. వాటిలో పోటీదారులందరికీ ఒకే రకం బండి ఉంటుంది కనుక నేర్పే గెలుపును నిర్ణయిస్తుంది. కానీ ఆ పోటీలకు ఎంపిక కావడానికైనా ముందుగా అభ్యాసం ఉండాలి. అభ్యాసానికి అండ ఉండాలి. ఆ అండ స్థానికంగా లభించే మార్గం ఒకటున్నది. అదే డీలరు పోషించే జట్టు.

పాశ్చాత్య దేశాల క్లబ్బు పోటీలలో ఇటువంటి జట్లు సర్వసాధారణం. ఊరిలో మోటారు సైకిళ్ళు అమ్మే దుకాణదారుడు ఇద్దరు ముగ్గురు ఔత్సాహికులను చేరదీస్తాడు. వారికి జీతమివ్వడు, విడిభాగాలను అసలు ధరకు ఇస్తాడు. పోటీ రోజున తన మెకానిక్కును పంపుతాడు, బండ్లను చేరవేయడానికి వ్యాను సమకూరుస్తాడు. వారు వారమంతా తమ ఉద్యోగాలు చేసుకొని, సెలవు దినాన దుకాణం పేరున్న దుస్తులు ధరించి బరిలో దిగుతారు. ఆదివారం గెలిచిన బండి సోమవారం అమ్ముడుపోతుందని అమెరికా వాహన వ్యాపారులలో ఒక నానుడి ఉంది. వ్యాపారికి పేరు, ఆటగాడికి అవకాశం, ఇద్దరికీ లాభమే. బండలాగుడు పోటీలలో మైకు ప్రకటించే దాతకూ ఈ డీలరుకూ పెద్ద భేదం లేదు.

ఈ ఆలోచన చిత్తూరు, తిరుపతి జిల్లాలకు ఎంతో తగినది. ఈ ప్రాంతం చుట్టూ మోటారు సైకిళ్ళు తయారవుతున్నాయి. సత్యవేడు సమీపంలో 2018లో శంకుస్థాపన జరిగిన హీరో కర్మాగారం ఉంది. కుప్పానికి పొరుగున హోసూరులో టీవీఎస్ కర్మాగారం ఉంది. శ్రీపెరుంబుదూరు పరిసరాలలో ఎన్‌ఫీల్డ్, యమహా కర్మాగారాలున్నాయి. ఇరుంగాట్టుకోట్టై బాట చిత్తూరు నుండి గాని, తిరుపతి నుండి గాని కొద్ది గంటల ప్రయాణం. తెల్లవారుజామున బయలుదేరితే పోటీ ముగించుకొని రాత్రికి ఇల్లు చేరవచ్చు. బండ్లను నిర్మించే చేతులు ఇక్కడివే; బండ్లను కొనే కుటుంబాలు ఇక్కడివే. లేనిదల్లా ఆ బాటకూ ఈ యువకులకూ మధ్య నిలిచి, చేయి పట్టి నడిపించే దాత మాత్రమే.

అటువంటి జట్టులో బండి నడిపేవాడొక్కడే ఉండడు. గొలుసు బిగువు చూసేవాడు, టైరులో గాలి కొలిచేవాడు, ప్రతి చుట్టుకూ పట్టిన సమయాన్ని రాసేవాడు ఉండాలి. ఐ.టి.ఐ.లో, పాలిటెక్నిక్‌లో చదివే విద్యార్థికి ఇంతకన్నా సజీవమైన ప్రయోగశాల ఏముంటుంది? ఆడపిల్లలను దూరంగా ఉంచవలసిన పని కూడా లేదు. జాతీయ పోటీలలో వారికి ప్రత్యేక విభాగం ఏర్పడింది. బెంగళూరుకు చెందిన ఐశ్వర్య పిస్సే 2019లో బాహా ర్యాలీల ప్రపంచ కప్పులో మహిళల విభాగాన్ని గెలుచుకొన్నది. అదే నగరానికి చెందిన సి.ఎస్. సంతోష్ 2015లో డకార్ ర్యాలీని పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడు. బెంగళూరు చిత్తూరుకు దూరదేశమేమీ కాదు.

ఈ ప్రతిపాదనకు ఆక్షేపణలు లేకపోలేదు. వాటిలో మొదటిది ప్రాణభయం. 2023 ఆగస్టులో ఇరుంగాట్టుకోట్టై బాట మీద జరిగిన జాతీయ పోటీలో 13 ఏళ్ళ బాలుడు పడిపోయి మరణించాడు. అతడు బెంగళూరు నుండి వచ్చిన ప్రతిభావంతుడు. లైసెన్సు, శిరస్త్రాణం, వైద్యులు అన్నీ ఉన్నా అతడి ప్రాణం దక్కలేదు. బాట మీద అపాయం ఉండదని చెప్పేవారు అసత్యం చెప్పినట్లే. ఈ విషాదాన్ని దాచి క్రీడను పొగడడం తగదు. బాట అపాయాన్ని రూపుమాపదు, దానిని తగ్గిస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ అపాయాన్ని తెలిసి ఒప్పుకొన్నవారికే పరిమితం చేస్తుంది. అందుకే చిన్న పిల్లలను బరిలోకి దింపకుండా, 18 ఏళ్ళు నిండి తమ నిర్ణయానికి తామే బాధ్యులు కాగలవారినే స్థానిక జట్లు ఎంచుకోవాలి. తల్లిదండ్రులు బాటను స్వయంగా చూసిన తరువాతనే వారికి ప్రవేశం కల్పించాలి.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. డీలరు జట్టును పోషిస్తే ఆ ప్రచారం చూసి మరింతమంది యువకులు రోడ్ల మీద విజృంభించరా? ఈ సందేహం నిరాధారం కాదు. లాభాపేక్ష గలవాడి చేతిలో క్రీడ ప్రకటనగా మారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుచేత జట్టును పోషించే డీలరు ముందుగా తన దుకాణంలోనే నియమాన్ని పాటించాలి. ద్విచక్ర వాహనంతోపాటు శిరస్త్రాణాన్ని కూడా అందించాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళి చెబుతున్నది. ఆ నియమాన్ని కాగితం మీద కాక కౌంటరు మీద అమలుపరచాలి. లైసెన్సు లేని బాలుడి చేతికి తాళంచెవి ఇవ్వకూడదు. సైలెన్సరు మార్చి వీధులను అదరగొట్టే బండికి తన వర్క్‌షాపులో చోటివ్వకూడదు. రోడ్డు మీద పందెం కాసి పట్టుబడినవాడు ఎంత నేర్పరి అయినా జట్టు నుండి తొలగించాలి. ఈ షరతులకు ఒప్పుకోని వ్యాపారికి జట్టును పోషించే అర్హత లేదు.

చదువు చెడుతుందనేది మూడవ ఆక్షేపణ. ఏ వ్యాపకమైనా మితిమీరితే చదువుకు చేటే. క్రికెట్టుకూ, చలనచిత్రాలకూ, చరవాణికీ ఈ మాట సమానంగా వర్తిస్తుంది. ఏడాదిలో కొద్ది వారాంతాలలో మాత్రమే జరిగే పోటీ, ప్రతి రాత్రీ యువకుడిని వీధిలోకి లాగే వ్యసనం కన్నా చదువుకు తక్కువ హాని చేస్తుంది. పైగా ఓటమి నేర్పే పాఠం సామాన్యమైనది కాదు. రోడ్డు మీద పందెంలో ఓడినవాడు, "నా బండి మంచిది కాదు" అని తప్పించుకొంటాడు. బాట మీద గడియారం అలా తప్పించుకోనివ్వదు. ఏ మలుపులో ఆలస్యమైందో, ఏ బ్రేకు తొందరపడి వేశాడో అది నిర్మొహమాటంగా చెబుతుంది. తన నేర్పు ఎంతో అంకెలలో తెలిసినవాడికి రోడ్డు మీద గొప్పలు చెప్పుకొనే అవసరం తగ్గుతుంది. బాట మీద ఒకసారి పడి లేచినవాడు తోలు దుస్తులు లేకుండా రోడ్డు మీద పడితే ఏమవుతుందో ఇతరులకన్నా బాగా ఊహించగలడు.

2011లో హైదరాబాదు బాహ్యవలయ రహదారి మీద శక్తిమంతమైన మోటారు సైకిలు బోల్తాపడి ఇద్దరు యువకులు మరణించారు. వారిలో ఒకరు భారత క్రికెట్ జట్టు మాజీ నాయకుడి కుమారుడు. ఆ విషాదం దేశమంతటా వార్త అయింది. పేరులేని ఇళ్ళలో అటువంటి విషాదాలు జరిగినప్పుడు అవి ఒక దినపత్రిక జిల్లా పుటలో నాలుగు పంక్తులై ముగిసిపోతాయి. వాటిని చదివిన పెద్దలు "కుర్రకారుకు దుడుకు ఎక్కువ" అని నిట్టూర్చి పుట తిప్పుతారు. నిట్టూర్పు ఎవరినీ కాపాడలేదు.

కన్నకొడుకు అలిగితే బండి కొనిచ్చే తండ్రులు ఈ జిల్లాలలో ఉన్నారు. కిస్తుల మీద బండి అమ్మి, పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టించి, ఛాయాచిత్రం తీసి పంపే డీలర్లు ఉన్నారు. ఆ బండి దుకాణం గడప దాటిన క్షణంతో తమ బాధ్యత తీరిపోయిందని ఇద్దరూ అనుకొంటున్నారు. చిత్తూరులోనో తిరుపతిలోనో ఒక్క డీలరు ముందుకు వచ్చి, నలుగురు యువకులకు శిక్షణ ఇప్పించి, ఒక ఆదివారం వారిని ఇరుంగాట్టుకోట్టైకి తీసుకొనిపోతే ఆ అభిప్రాయం మారడం మొదలవుతుంది. వారు ఆ రోజు గెలవకపోవచ్చు. చివరి స్థానంలోనే నిలిచినా, గళ్ళ జెండా దాటి, శిరస్త్రాణం తీసి, చెమట తుడుచుకొని క్షేమంగా ఇల్లు చేరినవారవుతారు. మరునాడు కళాశాలకు నెమ్మదిగా బండి నడుపుకొంటూ వచ్చిన ఆ యువకుడిని చూసి అతడి మిత్రులు ఏమి నేర్చుకొంటారో, ఏ హెచ్చరిక బోర్డూ అంత బాగా నేర్పలేదు.